ఆరు వాటాలకు ఒకే ఫ్యూజు

హుస్సేన్ బాషా వైరింగు చేసిన ఇంటిని రేవు పక్కనున్న వన్ టౌన్‌లో ఎవరైనా గుర్తుపట్టగలరు. స్విచ్చి బోర్డు పక్కన గోడ మీద పెన్సిలుతో చిన్న చిన్న అంకెలు ఉంటాయి. లైటు అరవై, ఫ్యాను డెబ్బై, రేడియో పది. ఏది ఎంత కరెంటు తాగుతుందో రాసిపెట్టిన లెక్క అది. సున్నం వేయించినప్పుడు ఇంటివాళ్ళు వాటిని చెరిపేస్తారు. మళ్ళీ ఏ స్విచ్చో పాడై బాషా వస్తాడు, పని ముగించి, చెవి మీది పెన్సిలు తీసి మళ్ళీ రాస్తాడు.

ఊళ్ళో మిగతా వైరింగు పనివాళ్ళు ఇంకో రెండు పాయింట్లు పెట్టించుకోమని బతిమాలుతుంటే, బాషా ఉన్నవాటిలో ఒకటి తీసెయ్యమనేవాడు. "వంటింట్లో నూరు బల్బు దేనికమ్మా, పప్పులో రాళ్ళేరడానికా? నలభై పెట్టు. గోడకి సున్నం ఎయ్, అదే ఎలుగిత్తాది." తోటి పనివాడు తాతబాబుకి ఇది చాలా వింతగా ఉండేది.

"నీ యవ్వారం ఎలాగుందంటే బావా, సేపలమ్ముకునేవోడు ఆకుకూర తినండని సెప్పినట్టుంది. ఇలాగైతే ఎలా బతుకుతావేటి?"

"నాను బతకడానికేటి, బతుకుతాను. ఆ తీగలు బతకాలి కదా బావా," అనేవాడు బాషా.

అతని తండ్రి రేవులో ముడి ఇనుం మోసి, దగ్గుతో పోయాడు. అప్పటికి బాషా ఏడో తరగతి. బడి అక్కడితో సరి. పదహారో ఏట ఒక వైరింగు మేస్త్రీ దగ్గర నిచ్చెన మోయడానికి చేరాడు. చదువు మాత్రం మానలేదు. పాత కాగితాల కొట్టులో కాలేజీ పుస్తకాల చింపిరి పేజీలు దొరికేవి. విద్యుత్తు గురించి ఉన్నవి ఏరుకొచ్చి, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో వాక్యం విప్పుకునేవాడు. ఓల్టు, ఆంపియరు, వాటు మధ్య చుట్టరికం అతనికి అలా తెలిసింది. తెలిసి ఏం లాభం? ఏడో తరగతివాడు ఓమ్ సూత్రం చెబితే నవ్వే మనుషులే, బి.ఇ. చదివినవాడు అదే సూత్రం తప్పు చెప్పినా తలూపుతారు. ఈ ఊళ్ళో తల ఊగేముందు కళ్ళు సర్టిఫికెట్టు వెతుకుతాయి.

పందొమ్మిది వందల డెబ్బై రెండులో సొంతంగా పని మొదలుపెట్టిన రోజే ఒక నోటుపుస్తకం కొన్నాడు. చేసిన ప్రతి ఇంటికీ ఒక పేజీ. ఏ గదిలో ఏముంది, ఎన్ని వాట్లు, రోజుకి ఎంతసేపు వాడతారు, ఏది మారిస్తే ఎంత మిగులుతుంది. ఎనభై అయిదు వచ్చేసరికి పదకొండు పుస్తకాలయ్యాయి. వాటిని చూడాలని ఎవరూ అడగలేదు.

అడిగిన మొదటి మనిషి దొరబాబు. మద్దిలపాలెం జంక్షనులో మేడ మీద కంప్యూటర్లు నేర్పే స్కూలొకటి తెరిచారు. రెండే కంప్యూటర్లు, రెండూ టీవీలకి తగిలించినవి. వైరింగుకి బాషాని పిలిచారు. అక్కడ పాఠం చెప్పడానికి కాకినాడ నుంచి వచ్చిన కుర్ర మాస్టారు దొరబాబు. బోర్డు పక్కన బాషా అంకెలు రాస్తుంటే దగ్గరికొచ్చి చూశాడు.

"ఇదేంటండి బాషాగారూ, గోడకి ఎక్కాలు నేర్పుతున్నారా?"

బాషా నోటుపుస్తకం తీసి చూపించాడు. దొరబాబు నాలుగు పేజీలు తిప్పి, అయిదో పేజీ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆయ్! ఇంత లెక్క చేత్తో ఎందుకండి కట్టడం? ఈ డబ్బా చేత కట్టిద్దాం. ఒక బల్బు మారిస్తే మొత్తం మళ్ళీ మొదట్నుంచీ కూడుకోనక్కర్లేదు. అదే కూడి చెప్పేస్తుంది."

ఆ సంవత్సరం ఆదివారాలన్నీ అలా గడిచాయి. బాషా చెప్పేవాడు, దొరబాబు కీలు నొక్కేవాడు. స్కూలు మేనేజరు బాషాని మాత్రం కీబోర్డు ముట్టుకోనిచ్చేవాడు కాదు, చేతికి జిడ్డుంటుందని. ఆ గదికి కరెంటు ఇచ్చిన చెయ్యే అది. దాని సంగతి ఎవరికి గుర్తుంటుంది!

మొదట తయారైన ప్రోగ్రాం రోజు మొత్తానికి ఎన్ని యూనిట్లో మాత్రమే చెప్పేది. బాషా ఒప్పుకోలేదు.

"రోజుకి ఎన్ని బిందెల నీళ్ళు వాడతారని కాదు మాస్టారూ. కుళాయి వచ్చినప్పుడు ఎంతమంది బిందెలట్టుకుని నిలబడతారు, అది కావాల. తీగ కాలేది అప్పుడే."

దొరబాబు కాసేపు బుర్ర గోక్కుని, మొత్తం చెరిపి మళ్ళీ రాశాడు. ఇప్పుడది ఒక్కో వస్తువునీ ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా వాడతారని అడుగుతుంది. ఆ తర్వాత గంట గంటకీ ఒక వరసలో చుక్కలు పెట్టి చూపిస్తుంది. చుక్కలెక్కువున్న గంట బరువైన గంట. ఇది తీసేస్తే ఎలా ఉంటుంది, అది మారిస్తే ఎలా ఉంటుందని అడిగితే వరసలు మళ్ళీ గీసి చూపిస్తుంది. ప్రోగ్రామంతా ఒక పాటల క్యాసెట్టులో దాచి, దాని మీద దొరబాబు 'బాషాగారి లోడు' అని రాశాడు.

అప్పటికి దొరబాబు బాషా ఉండే ఇంట్లోనే అద్దెకి దిగాడు. రేవుకి దగ్గర సందులో, నడుమ వాకిలి ఉన్న పాతకాలపు ఇల్లది. మొత్తం ఆరు వాటాలు. కింద మొదటిది బాషాది. రెండూ మూడూ, దర్జీవాళ్ళవీ గాజులవాళ్ళవీ. నాలుగో దాంట్లో కాసులమ్మ. అయిదో దాంట్లో దొరబాబు. మేడ మీద ఇంటి యజమాని అబ్దుల్ హమీద్, హజ్‌కి వెళ్ళొచ్చాడు కాబట్టి అందరికీ హాజీ సాబ్. ఆరు వాటాలకీ కలిపి ఒక మీటరు, ఒక ఫ్యూజు. కరెంటు ఖర్చు అద్దెలోనే కలిసిపోతుంది గనక హాజీ సాబ్ ఒక షరతు పెట్టాడు. తీగచుట్ట హీటరు పొయ్యి ఎవరింట్లో కనబడినా ఆ వాటా ఖాళీ చెయ్యాలి.

కాసులమ్మ మొగుడు పోయిన మనిషి. రెండు హోటళ్ళకి ఇడ్లీ పిండి రుబ్బి ఇస్తుంది. పదేళ్ళు రోట్లో రుబ్బి రుబ్బి కుడి భుజం ఎత్తలేని స్థితికొచ్చాక, ఎనభై ఆరు ఉగాదికి కరెంటుతో తిరిగే రుబ్బుడు మిషను కొనుక్కుంది. కొనేముందు మేడెక్కి హాజీ సాబ్‌ని అడిగింది. ఆయన సరేనన్నాడు. బాషాయే ప్లగ్గు బిగించాడు. సాయంత్రం ఆరింటికి మిషను మొదలైతే గరగరమని సందు చివరిదాకా వినిపించేది.

ఆ ఏడు రంజాన్ మే నెలలో వచ్చింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. మొదటి రోజునే, సరిగ్గా పొద్దుగూకి రోజా ఉపవాసం విడిచే వేళకి, ఇల్లంతా ఒక్కసారిగా చీకటైపోయింది. ఫ్యూజు కాలింది. బాషా ఖర్జూరం బుగ్గన పెట్టుకుని తీగ మార్చాడు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. అదే వేళకి ఫ్యాన్లు ఆగిపోతున్నాయి. పగలంతా పచ్చి మంచినీళ్ళు ముట్టని మనుషులు చీకట్లో చెమటలు కక్కుతూ ఇఫ్తార్ చేస్తున్నారు.

రెండో వారంలో హాజీ సాబ్ ఓపిక తీరింది. మేడ మీంచి వంగి అరిచాడు.

"క్యా బాషా మియా! ఊరందరికీ లెక్కలు చెప్తావు, నీ ఇంట్లో దీపం నిలబెట్టలేవా? నీ వైరింగే కదా ఇది? లావు తీగ ఎయ్ ఫ్యూజులో!"

"లావు తీగ ఏస్తే ఫ్యూజు నిలబడతాది సాబ్. ఇల్లు నిలబడదు. గోడలో తీగ అంటుకుంటాది."

"మరి కారణం ఏంటి?"

దర్జీవాళ్ళూ గాజులవాళ్ళూ వాకిట్లోకొచ్చి నిలబడ్డారు. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. ఆకలి, దాహం, పైగా వైరింగు మీద పడ్డ మాట. ఫ్యూజు పోయిన క్షణాన గరగరమంటూ ఆగిపోయిన చప్పుడు బాషా చెవుల్లో ఇంకా ఉంది.

"మోటారు సాబ్," అన్నాడు. "కాసులమ్మ మిషను."

హాజీ సాబ్ తీర్పు చెప్పడానికి ఊపిరి పీల్చేంత సేపు కూడా ఆగలేదు. "శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక నా కలప గోదాము మనుషులొస్తారు. మిషను బయటికి పోవాల. కావాలంటే ఆమె రోలు పెట్టుకోమను."

కాసులమ్మ గుమ్మంలో పిండి చేతులతో నిలబడి ఉంది. "అదేటి బాబూ, నాను అడిగే కదా పెట్టుకున్నాను. ప్లగ్గు నువ్వే కదా బిగించినావు," అంది బాషాతో. తిట్టినా బావుండేది. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే బాషా పిల్లలకని గిన్నెడు పిండి పంపించింది. షబానా ఆ గిన్నె తెచ్చి భర్త ముందు పెట్టి, అతని మొహం చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

బాషాకి ఆ గిన్నె కేసి చూడబుద్ధి కాలేదు. తన మాట నిజమైతే మనసులో ఈ బరువు ఉండకూడదు. నిజమని తేల్చుకోవడానికే ఇంటి పేజీ ఉన్న నోటుపుస్తకం పట్టుకుని మద్దిలపాలెం వెళ్ళాడు.

దొరబాబు క్యాసెట్టు పెట్టాడు. టేపురికార్డరు కీచుకీచుమని అయిదు నిమిషాలు ఏడ్చాక ప్రోగ్రాం వచ్చింది. ఆరు వాటాల బల్బులూ ఫ్యాన్లూ, హాజీ సాబ్ ఫ్రిజ్జు, టీవీ, కాసులమ్మ మిషను, అన్నీ నోటుపుస్తకంలో ఉన్నట్టే ఎక్కించారు. తెర మీద సాయంత్రం ఆరుగంటల వరస వచ్చింది.

"పద్దెనిమిది వందల డెబ్బై వాట్లండి. ఎనిమిది ఆంపియర్లు దాటి కొంచెం," అన్నాడు దొరబాబు. "మీ ఫ్యూజు తీగ ఎంతది?"

"పదిహేను."

"మిషను తీసేసి చూద్దాం... ఆరున్నరకి దగ్గరండి. మిషనున్నా ఎనిమిది, లేకపోతే ఆరున్నర. ఏ రకంగానూ కాలకూడదే!"

"మీ డబ్బా తప్పు సెప్తంది."

"డబ్బాకి మీరు చెప్పిందే తెలుసండి బాషాగారూ. మీరు చెప్పనిది దానికెలా తెలుస్తుంది? అయినా నాకు తెలీక అడుగుతాను, ఆ మిషను ఉగాది నుంచీ తిరుగుతోంది గదండీ? నెల రోజులు కాలని ఫ్యూజు మొన్న రంజాన్ వచ్చాకే ఎందుకు కాలింది?"

బాషాకి చెవులు వేడెక్కాయి. ఈ ప్రశ్న ఏ పుస్తకమూ చదవనివాడికైనా తట్టాలి. తనకి తట్టలేదు. చప్పుడు చేసేది ఎదురుగా ఉంటే ఇంకోవైపు చూడవలసిన అవసరం ఎవరికీ కనబడదు. అందునా ఆ చప్పుడు చేసేదాని తరఫున మాట్లాడే మనిషి లేకపోతే మరీ సుఖం.

బుధవారం సాయంత్రం ఆరు కొట్టేముందు కాసులమ్మ గుమ్మం దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, ఈ ఒక్కరోజు మగ్రిబ్ నమాజు అయ్యేదాకా మిషను ఎయ్యకు."

"ఎల్లుండి ఎలాగూ ఎయ్యను కదా బాబూ, ఇయ్యాళ నుంచే అలవాటు సేత్తన్నావా?" అంది కానీ స్విచ్చి నొక్కలేదు.

బాషా మీటరు కింద స్టూలేసుకుని కూర్చున్నాడు. పక్కన దొరబాబు చేతి గడియారంతో నిలబడ్డాడు. మీటరులో పళ్ళెం లాంటి చక్రం ఒకటి తిరుగుతుంటుంది, దాని అంచున నల్లటి గుర్తు. ఎంత కరెంటు పోతే చక్రం అంత జోరుగా తిరుగుతుంది. ఆరు వందల చుట్లకి ఒక యూనిట్టు. మిషను లేదు గనక, ప్రోగ్రాం లెక్క ప్రకారం నిమిషానికి పదిహేను చుట్లు తిరగాలి.

ఆరుంబావుకి సరిగ్గా పదిహేనే తిరిగింది. "చూశారా!" అన్నాడు దొరబాబు మురిసిపోతూ. డబ్బా తప్పు చెప్పలేదు.

మసీదు మైకు గొంతు సవరించుకుంది. ఆజాన్‌కి ఇంకా నాలుగైదు నిమిషాలుంది. అప్పుడు చక్రం ఉన్నట్టుండి జోరందుకుంది. ఒక మెట్టు పెరిగింది. మళ్ళీ ఒక మెట్టు. ఇంకోటి. చివరికొక పెద్ద ఊపు. బాషా లెక్కపెట్టడం మొదలెట్టాడు. నల్ల గుర్తు దొరబాబు చేతిలోని సెకన్ల ముల్లుతో పందెం వేసినట్టు తిరుగుతోంది. ముల్లు ఒకటంటే చక్రం ఒకటి.

"అరవై!" అన్నాడు బాషా నిమిషం కాగానే. "పదిహేను ఉండాల్సింది అరవై. అంటే నాలుగున్నర వేల వాట్లు ఎక్కువ..."

మాట పూర్తి కాకుండానే ఫ్యూజు టప్పుమంది. ఇల్లు చీకటైంది. ఆజాన్ మొదలైంది. కాసులమ్మ మిషను నోరెత్తకుండా మూల కూర్చునే ఉంది.

బాషా లేచి వాకిట్లోకి నడిచాడు. ఆ పాత ఇంట్లో గదులకి కిటికీలు తక్కువ, బయట వెలుగున్నా లోపల చీకటే. ఆ చీకట్లో గాజులవాళ్ళ తెర వెనక, నేల మీద, గుండ్రంగా ఎర్రటి చుట్ట ఒకటి కనిపించింది. పామై చుట్టుకున్న నిప్పులా ఉంది. దర్జీవాళ్ళ గడప అవతల ఇంకొకటి. కరెంటు పోయినా హీటరు తీగ వెంటనే చల్లారదు, కాసేపు కణకణలాడుతూనే ఉంటుంది. వెలుగులో అయితే ఎవరి కంటా పడదు. చప్పుడు అసలే ఉండదు.

బాషా తన ఇంటికేసి తిరిగాడు. మంచం కింద ఎర్రగా మెరుస్తోంది. షబానా దాన్ని కాలితో ఇంకా లోపలికి తోస్తోంది.

"షబానా."

"క్యా?"

"ఆ మంచం కింద ఏటది, సూర్యుడా?"

షబానా ముసుగు సర్దుకుంది. దొరికిపోయాక ఇంక భయం లేదు. "మరేటి సెయ్యమంటావు? కిరసనాయిలు కార్డు మీద ఎంతిస్తన్నారో తెలుసా నీకు? నాలుగింటికి కాసిన గంజి రోజా విడిచేసరికి సల్లారిపోతాది. సల్లారితే తాగుతావా నువ్వు? ముక్కు సిట్లిస్తావు. అందుకే ఆజాన్‌కి ముందు ఒక్క అయిదు నిమిషాలు ఎచ్చబెడతాను. అందరూ అలాగే ఎచ్చబెడతన్నారు. పూర్ణా మార్కెట్లో నలుగురం కలిసే కొన్నాం."

"నాకు సెప్పాలి కదా! నాను పుస్తకంలో రాసుకునేవాణ్ణి కదా!"

"రాస్తావనే సెప్పలేదు."

పద్నాలుగేళ్ళుగా ఊరందరి ఇళ్ళలో లోడు రాసిన మనిషికి తన మంచం కింద వెయ్యి వాట్లున్నాయని తెలియదు. అడిగి రాసుకోవడమే తప్ప వంగి చూసే అలవాటు లేకపోయింది. బాషాకి ముందు కోపం వచ్చింది, వెంటనే నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"నలుగురన్నావు. మనం, దర్జీవాళ్ళు, గాజులవాళ్ళు. నాలుగోది ఎవరు?"

షబానా గడ్డంతో పైకి చూపించింది. మేడ మెట్ల చివర, హాజీ సాబ్ వంటింటి రెయిలింగు సందుల్లోంచి అన్నిటికన్నా పెద్ద ఎర్ర చుట్ట కనబడుతోంది. ఆఖర్న వచ్చిన పెద్ద ఊపు అదే. పదిహేను వందలది.

నమాజు అయ్యాక బాషా కాసులమ్మ దగ్గరికెళ్ళి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"తప్పు నాది. నీ మిషను కాదమ్మా. నోటికొచ్చింది అనీసినాను."

కాసులమ్మ మినప్పప్పు కడుగుతూనే వింది. "మోగిందాన్నే కొడతారు బాబూ, డప్పుని సూడలేదేటి? మరి ఆ మాట మేడ మీద సెప్తావా, నాకు సెప్పేసి ఎల్లిపోతావా?"

"సెప్తాను. కానీ హీటర్లున్నాయని సెప్తే మూడు వాటాలు ఖాళీ సేయిత్తాడు. ఎయ్యకండంటే సల్లటి గంజి ఎవరు తాగుతారు?"

"సల్లారకుండా ఉంటే సాలదా?" అంటూ ఆవిడ మూలనున్న ఆపిలు పెట్టె చూపించింది. నిండా రంపపు పొట్టు, మధ్యలో గిన్నె పట్టేంత గుంట, పైన పాత బొంత. "సలికాలం పిండి పులవకపోతే ఇందులో పెడతాను. తెల్లారేసరికి గోరెచ్చగా ఉంటాది. మరుగుతున్న గంజి పెడితే రెండు గంటల్లో ఎక్కడికి పోతాది ఆ ఏడి?"

బాషా ఆ పెట్టెకేసి అలా చూస్తూ ఉండిపోయాడు. పదకొండు పుస్తకాలు రాశాడు, అలాంటిది ఒక్క పేజీలోనూ లేదు.

గురువారం నాలుగింటికి షబానా కాచిన గంజి మరుగుతుండగానే ఆ పెట్టెలోకి వెళ్ళింది. ఆ ఒక్కరోజుకీ హీటరు ముట్టుకోబోమని దర్జీవాళ్ళ చేతా గాజులవాళ్ళ చేతా షబానాయే ఒప్పించింది. ఎలా ఒప్పించిందో బాషా అడగలేదు. కాసులమ్మ ఆరింటికి మిషను వేసింది. మేడ మీది హీటరు ఒక్కటీ ఎప్పటిలాగే వెలిగింది. ఫ్యూజు కాలలేదు. బొంత తీసి, గంజి నోట్లో పోసుకోగానే బాషా నాలుక చుర్రుమంది. ఆ మంట అతనికి ఎంత హాయిగా అనిపించిందంటే, ఇంకో గుక్క తాగి మళ్ళీ కాల్చుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే స్కూల్లో దొరబాబు ఆరు గంటల వరసని మూడు రకాలుగా కాగితం మీద అచ్చు కొట్టించాడు. హీటర్లతో ఒకటి, పెట్టెలతో ఒకటి, పెట్టెలతోపాటు అరవై బల్బుల బదులు ట్యూబులైట్లు వేస్తే ఒకటి. బాషా కోరిక మీద పేర్లు రాయలేదు, వాటాల నంబర్లే. ఆ కాగితాలు పట్టుకుని బాషా మేడెక్కాడు. ఇల్లు ఆయనది. కోపమొస్తే కాసులమ్మతో పాటు తన సామానూ సందులోనే ఉంటుంది.

హాజీ సాబ్ జుమ్మాకి అత్తరు రాసుకుంటున్నాడు. "చూశావా మియా, నిన్న ఫ్యూజు కాలలేదు. మిషను ఆపించావు, అంతే, సరిపోయింది."

"నిన్న మిషను ఆగలేదు సాబ్. మీకు వినిపించలేదా?"

హాజీ సాబ్ చెయ్యి గడ్డం దగ్గర ఆగింది. వినిపించింది. ఫ్యూజు కాలనప్పుడు ఆ చప్పుడు ఆయనకి పట్టలేదంతే.

బాషా కాగితం పరిచాడు. "ఈ చుక్కలు ఫ్యూజు మొయ్యగలిగే బరువు. ఇది దాటితే కాలిపోతాది. మిషను బరువు ఇదిగో, ఈ కాసింతే. మిగతాదంతా ఇది."

"అంటే హీటర్లు! నేను వద్దన్నా పెట్టారా? ఎవరు? ఏ వాటా?" హాజీ సాబ్ గొంతు వాకిలి దాకా వినిపించింది. కాగితం లాక్కుని వేలితో వరసలు దిగాడు. "ఒకటి, వెయ్యి. నువ్వేనా మియా! రెండు, వెయ్యి. మూడు, వెయ్యి. నాలుగు, ఏమీ లేదు. అయిదు, లేదు. ఆరు, పదిహేను వందలు! అరే, అన్నిటికన్నా ఎక్కువ! ఎవరిదీ ఆరో వాటా?"

బాషా నేల చూపులు చూశాడు. "మెట్లెక్కితే వచ్చేది సాబ్."

వంటింటి పరదా వెనక గాజులు గలగలమన్నాయి. హాజీ సాబ్ భార్య జమాలున్నీసా గొంతు వినబడింది.

"అరవకండి. గంజి కొంచెం చల్లారితే గిన్నె తోసేసేది ఎవరు? నేనా?"

హాజీ సాబ్ కాగితం మడిచాడు. విప్పాడు. మళ్ళీ మడిచాడు. ఆయన మొహంలో ఎన్నో రంగులు మారాయి. చివరికి పొట్ట ముందు కదిలింది, తర్వాత భుజాలు, ఆ తర్వాత నవ్వు బయటికొచ్చింది. పరువు కాపాడుకోవడానికి నవ్వుకన్నా చవకైనది లేదని వ్యాపారం చేసే మనిషికి తెలుసు.

"నాలుగో వాటా ఒక్కటే నా మాట నిలబెట్టింది," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఆమెనే నేను వెళ్ళగొడుతున్నాను. ఆ పెట్టెలేవో నాక్కూడా ఒకటి చేయించు మియా. పొట్టు మన గోదాములో కావలసినంత ఉంది. మనుషులు ఎలాగూ వస్తారు, మిషను మొయ్యడానికి బదులు పెట్టెలు మోస్తారు."

ఆ సాయంత్రం నాలుగు ఇళ్ళలోనూ గంజి పెట్టెలు మూతలేసుకుని కూర్చున్నాయి. హీటర్లు నాలుగూ బాషా సంచీలో ఉన్నాయి. కాసులమ్మ ఆరింటికి స్విచ్చి నొక్కింది, మిషను గరగరమంది. మేడ మీంచి హాజీ సాబ్ వంగి చూసి లోపలికి వెళ్ళిపోయాడు. బాషా మీటరు కింద స్టూలు మీద, చేతిలో ఖర్జూరంతో కూర్చున్నాడు. దొరబాబు గడియారం పట్టుకున్నాడు.

"ఎంతండీ?"

"పందొమ్మిది," అన్నాడు బాషా. ప్రోగ్రాం చెప్పిన లెక్క అంతే.

ఆజాన్ మొదలైంది. దీపాలు వెలుగుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఖర్జూరం నోట్లో వేసుకుని బాషా గోడకి చేరగిలబడ్డాడు. కాసులమ్మ మిషను చప్పుడు అంత బావుంటుందని అతనికి అప్పుడే తెలిసింది.

"బాబూ," అని లోపల్నుంచి కేక వేసింది కాసులమ్మ, "సెవులు నొప్పెడితే సెప్పు, ఆపీస్తాను."

"ఆపకమ్మా, ఆపకు," అన్నాడు బాషా.

మద్దిలపాలెంలో ఆ స్కూలు రెండేళ్ళకి మూతపడింది. క్యాసెట్టు మాత్రం బాషా ట్రంకు పెట్టెలో పదకొండు నోటుపుస్తకాల పక్కన ఉంది. పన్నెండో పుస్తకంలో లోడు రాసే పద్ధతి కొంచెం మారింది. ఇంటావిడ ఇవీ ఇవీ ఉన్నాయని వరసగా చెబుతుంటే అన్నీ రాసుకుంటాడు, తలూపుతాడు. పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాక, "ఒక్క నిమిషం అమ్మా," అంటాడు. మోకాళ్ళ మీద కూర్చుని, టార్చిలైటు వేసి, మంచం కిందకి వంగి చూస్తాడు.